పచ్చచుక్క చెప్పని సంగతులు

రాత్రి తొమ్మిదిన్నరకు హాస్టల్ వార్డెన్ గారు ఫోన్ చేస్తారు. "బాబూ, రెండో అంతస్తులో నెట్ రావట్లేదట. పిల్లలు నా గది ముందే కూర్చున్నారు." మీరు ల్యాప్‌టాప్ తెరిచి కంట్రోలర్‌లోకి వెళ్తారు. యాక్సెస్ పాయింట్ల జాబితా పైనుంచి కింది దాకా పచ్చగా ఉంటుంది. "మనవైపు అన్నీ బాగానే ఉన్నాయండీ, వాళ్ల ఫోన్లలోనే ఏదో ఉంది" అనేస్తారు. వార్డెన్ గారు ఆ మాటే పిల్లలకు అప్పజెబుతారు. మర్నాటి నుంచి మీకు ఫిర్యాదులు తగ్గిపోతాయి. నెట్ బాగుపడి తగ్గలేదు, మీకు చెప్పి లాభం లేదని అందరికీ అర్థమై తగ్గాయి.

వైర్‌లెస్ నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగంలో పేరు నిలబడేదీ, పోయేదీ ఇలాంటి ఫోన్ల దగ్గరే. యాక్సెస్ పాయింట్‌ను ఈ పనిలో అందరూ ఏపీ అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. యాభై ఏపీలున్న కాలేజీనో, ఆసుపత్రినో, పెద్ద ఫంక్షన్ హాలునో ఒంటరిగా చూసుకోవలసి వచ్చినవాళ్ల కోసం ఈ అధ్యాయం. ఏ బటన్ ఎక్కడుందో కంపెనీ మాన్యువల్‌లో దొరుకుతుంది. తెర మీద కనిపించేదాంట్లో ఎంత నమ్మాలన్నది మాత్రం అందులో ఉండదు.

ముందు ఆ చుక్క సంగతి తేల్చుకుందాం. ప్రతి ఏపీ కొద్ది కొద్ది సేపటికి కంట్రోలర్‌కు "నేనున్నాను" అని కబురు పంపుతుంది. ఉబిక్విటీ వారి యూనిఫైలో ఆ కబురు కంట్రోలర్ 8080 పోర్టుకు వెళ్తుంది. సిస్కో పద్ధతిలోనైతే క్యాప్‌వ్యాప్ అనే ప్రోటోకాల్ మీద, యూడీపీ 5246 పోర్టులో. కబురు అందితే చుక్క పచ్చన, అందకపోతే ఎర్రన. అంతకు మించి దానికి అర్థం లేదు. విద్యార్థి ఫోనుకు ఐపీ అడ్రస్ దొరికిందా, డీఎన్ఎస్ పలికిందా, గాలిలో రద్దీ ఎంతుంది అన్న ప్రశ్నలు ఆ చుక్క ఎవరినీ అడగదు. కొన్ని కంట్రోలర్లు ఇప్పుడు "ఎక్స్‌పీరియన్స్ 96 శాతం" వంటి మార్కులు కూడా వేస్తున్నాయి. అది సగటు. యాభైమందిలో నలభై ఎనిమిది మంది సుఖంగా ఉంటే మిగతా ఇద్దరి ఏడుపు ఆ సగటులో కలిసిపోతుంది. మీకు ఫోన్ చేసేది ఆ ఇద్దరే.

కంట్రోలర్ ఆగితే ఏమవుతుంది?

ఏ సంస్థలో చేరినా మొదటి వారంలోనే ఈ ప్రశ్నకు జవాబు కనుక్కోండి. చాలామందికి ఏళ్లు గడిచినా తెలియదు.

2000 తొలి సంవత్సరాల్లో ఏపీలను ఒక్కొక్కటిగా బ్రౌజర్‌లో తెరిచి మార్చుకోవలసి వచ్చేది. పాస్‌వర్డ్ మారితే నలభై ఏపీలకు నలభై సార్లు అదే పని. ఆ బాధ నుంచే కేంద్ర కంట్రోలర్ పుట్టింది. ఏపీలో తెలివి తగ్గించి, పెత్తనమంతా మధ్యలో ఒక పెట్టెకు అప్పగించారు. ఈ దారిలో ముందు నడిచిన ఎయిర్‌స్పేస్ సంస్థను సిస్కో 2005లో కొనేసింది. 2009లో క్యాప్‌వ్యాప్ ఆర్ఎఫ్‌సీ 5415గా ప్రమాణమైంది. ఇంకోవైపు ఎంఐటీలోని రూఫ్‌నెట్ ప్రయోగం నుంచి 2006లో వచ్చిన మెరాకీ, ఆ పెట్టెను ఇంటర్నెట్‌లోకే ఎక్కించింది. దాన్నీ 2012లో సిస్కోయే కొన్నది. ఉబిక్విటీ వారి యూనిఫై, టీపీ-లింక్ వారి ఒమాడా వచ్చాక కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌కు విడిగా లైసెన్సు కొనే అవసరం తప్పి, చిన్న కాలేజీలకూ లాడ్జీలకూ ఇది అందుబాటులోకి వచ్చింది. ఓపెన్ సోర్స్ ఇష్టపడేవారికి ఓపెన్‌విస్ప్ ఉంది.

చరిత్రతో మనకు పని ఒక్క కారణానికే. పాత కేంద్రీకృత పద్ధతిలో విద్యార్థి చూసే వీడియో కూడా సొరంగంలో కంట్రోలర్ దాకా వెళ్లి బయటికి పోతుంది, 5247 పోర్టు మీద. అక్కడ కంట్రోలర్ పడిపోతే, దానికి తోడు ఇంకొకటి లేకపోతే, క్యాంపస్ మొత్తం చీకటే. యూనిఫై, ఒమాడాల్లో కంట్రోలర్ ఆదేశాలిచ్చి, లెక్కలు రాసుకుంటుందంతే. ట్రాఫిక్ దాని గుండా పోదు. అది ఆగినా ఫోన్లు పనిచేస్తూనే ఉంటాయి. అతిథుల లాగిన్ పేజీ మాత్రం రాదు, ఆ కాసేపటి లెక్కలూ నమోదు కావు. మీది వీటిలో ఏ రకమో తెలియకుండా మధ్యాహ్నం పూట కంట్రోలర్‌ను రీస్టార్ట్ చేయడానికి ఎవరైనా మిమ్మల్ని తొందరపెడితే ఒప్పుకోకండి.

పేర్లు పెట్టడం

ఇది ఎవరికీ ఇష్టం లేని పని. అయినా సగం ఉద్యోగం ఇదే.

కొత్త ఏపీని కంట్రోలర్‌కు తగిలించగానే అది తన మ్యాక్ అడ్రస్‌తోనే జాబితాలో కనిపిస్తుంది. పన్నెండు అక్షరాల ఆ పేరుతోనే వదిలేస్తే రాత్రి తొమ్మిదిన్నరకు రెండో అంతస్తు ఏపీ ఏదో మీకు తెలియదు. భవనం, అంతస్తు, చోటు వరసగా వచ్చేలా పేరు పెట్టండి: "గర్ల్స్ హాస్టల్ - 2 - మెట్ల దగ్గర". ఏ స్విచ్చిలో ఎన్నో పోర్టుకు తగిలిందో వివరాల్లో రాయండి. ఏపీ అడుగున కూడా పెద్ద అక్షరాలతో ఒక స్టిక్కర్ అతికించండి. మీరు సెలవులో ఉన్నప్పుడు వాచ్‌మన్ ఫోన్‌లో దాన్ని చదివి చెప్పగలిగేలా ఉండాలి. అంతస్తు ప్లాను కంట్రోలర్‌లోకి ఎక్కించుకునే వీలుంటే ఎక్కించి, ఏపీలను అసలు బిగించిన చోటే గుర్తు పెట్టండి. ప్లానులో చూపిన చోటు ఒకటి, ఎలక్ట్రీషియన్ తన సౌకర్యం కొద్దీ బిగించిన చోటు ఇంకొకటి అవుతుంటాయి. నమ్మకం లేకపోతే నిచ్చెన ఎక్కి చూడండి.

గాలికి కూడా లెక్క ఉంది

ఇక అసలు విషయం. వై-ఫైలో ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. ఏపీ మాట్లాడుతుంటే ఫోన్లన్నీ ఆగాలి, ఒక ఫోన్ మాట్లాడుతుంటే మిగతా ఫోన్లూ ఏపీ కూడా ఆగాలి. పక్క గదిలోని ఏపీ అదే ఛానెల్‌లో ఉంటే అదీ ఈ వరసలోనే నిలబడుతుంది. కాబట్టి మీరు పంచుతున్న సరుకు వేగం కాదు, సమయం. ఇది ఒంటబట్టినవాడికి కంట్రోలర్ తెర వేరే విధంగా కనిపిస్తుంది.

ఒక లెక్క చూడండి. ఒక మెగాబైటు ఫైలు అంటే 8 మెగాబిట్లు. ఏపీకి దగ్గరగా కూర్చుని సెకనుకు 300 మెగాబిట్ల వేగంతో కలిసిన ల్యాప్‌టాప్‌కు అది చేరడానికి, పైఖర్చులు వదిలేస్తే, సెకనులో దాదాపు నలభయ్యో వంతు చాలు. వరండా చివర గోడ చాటు నుంచి 6 మెగాబిట్లతో వేలాడుతున్న ఫోనుకు అదే ఫైలు చేరడానికి సుమారు 1.3 సెకన్లు పడుతుంది. దాదాపు యాభై రెట్లు. అంతసేపూ మిగతా అందరూ నోరు మూసుకుని కూర్చోవాలి. దూరంగా ఉన్న ఒక్క ఫోనూ దగ్గరున్న పాతికమందిని ఇబ్బంది పెట్టేది ఇలాగే.

అందుకే కంట్రోలర్‌లో ప్రతి ఏపీకి, ప్రతి రేడియోకు "ఛానెల్ యుటిలైజేషన్" అని ఒక శాతం కనిపిస్తుంది. మొదట చూడవలసిన అంకె ఇది. రద్దీ వేళల్లో సగం దాటి నిలిచిపోతే జనానికి తెలుస్తుంది. డెబ్బై, ఎనభై దగ్గరుంటే ఎంత ఖరీదైన ఇంటర్నెట్ లైను కొన్నా ప్రయోజనం లేదు. రెండోది "రీట్రై" శాతం: పంపిన మాట అందక మళ్లీ పంపవలసి వచ్చినవి ఎన్ని అని. అది పది లోపు ఉంటే నేను పట్టించుకోను. ఇరవై దాటితే ఏదో అడ్డం పడుతోంది. మూడోది ఫోన్ల సిగ్నల్. మైనస్ 67 డీబీఎం దాకా వీడియో కాల్ కూడా సుఖంగా నడుస్తుంది. మైనస్ 80కి దిగితే కనెక్ట్ అయినట్టే ఉంటుంది, పని జరగదు. ఈ కొలతలో 3 డీబీ తగ్గిందంటే సిగ్నల్ బలం సగమైనట్టు. 67 నుంచి 70 చిన్న తేడాగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు.

ఇప్పుడు సెక్రటరీ గారి సంగతి. ప్రతి కాలేజీలోనూ ఇది జరుగుతుంది. సెక్రటరీ గారికి విడిగా ఒక వై-ఫై పేరు కావాలి. ప్రిన్సిపల్ గారికి ఇంకొకటి. స్టాఫ్, స్టూడెంట్స్, గెస్ట్, ల్యాబ్, సీసీ కెమెరాలు, పోయినేడు వర్క్‌షాప్ కోసం పెట్టి తీయడం మరిచిపోయింది ఒకటి. కంట్రోలర్‌లో కొత్త పేరు పెట్టడం అర నిమిషం పని కాబట్టి ఎవరు అడిగినా సరేనంటాం.

ఆ అర నిమిషం ఖరీదు ఎంతో కూడా లెక్క కట్టవచ్చు. ప్రతి పేరు కోసం ప్రతి ఏపీ సెకనుకు సుమారు పదిసార్లు "నేనిక్కడున్నాను" అని బీకన్ పంపుతుంది, కనిష్ఠ వేగంలో. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆ కనిష్ఠం 1 మెగాబిట్ దగ్గరే వదిలేసి ఉంటే, 250 బైట్ల బీకన్‌కు రెండు మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. పదిసార్లంటే సెకనులో రెండు శాతం. ఐదు పేర్లు, ఒకే ఛానెల్ మీద ఒకదానికొకటి వినిపించే నాలుగు ఏపీలు ఉంటే ఇరవై రెట్లు. ఒక్క విద్యార్థి కూడా ఫోన్ తీయకముందే గాలిలో నలభై శాతం పేర్లు చెప్పుకోవడానికే పోయింది. తిలాపాపం తలా పిడికెడు.

మూడు పేర్లు చాలు. నాలుగోది అడిగినవారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. పెద్దవాళ్లకు కాదని చెప్పడం కష్టమే, కానీ అంకెలతో చెబితే చాలామంది వింటారు. ఎవరెవరికి ఏ హక్కులన్నది పేరుతో తేల్చనక్కర్లేదు. లాగిన్‌లు సరిచూసే రేడియస్ సర్వర్ పెట్టి, లాగిన్‌ను బట్టి ఒకే పేరు మీద స్టాఫ్‌ను ఒక వీల్యాన్‌లోకి, విద్యార్థులను ఇంకో వీల్యాన్‌లోకి పంపవచ్చు. ఆ పని ఇవాళ చేతకాకపోతే నేర్చుకోండి. జీతం పెరిగేది అక్కడే. కనిష్ఠ వేగాన్ని కూడా 1 మెగాబిట్ నుంచి 6కో 12కో పెంచండి, బీకన్ల ఖర్చు బాగా తగ్గుతుంది. చాలా పాత పరికరాలేమైనా ఉంటే అవి కలవవు కాబట్టి ముందు ల్యాబుల్లో వాకబు చేయండి.

పవర్ పెంచమంటారు

"సిగ్నల్ సరిపోవట్లేదు, పవర్ ఫుల్ పెట్టెయ్" అని సలహా ఇవ్వని మనిషి లేడు. పెళ్లి మండపంలో మైకు పట్టుకున్నాయన మాట వీధి చివరిదాకా వినిపిస్తుంది; వీధి చివరి మనిషి బదులు చెబితే ఆయనకు వినిపించదు. ఏపీ పవర్ పెంచితే ఫోనులో గీతలు నిండుగా కనిపిస్తాయి. ఫోన్ పవర్ పెరగదు కదా, దాని జవాబు ఏపీదాకా చేరదు. "ఫుల్ సిగ్నల్ ఉంది, నెట్ రాదు" అనే ఫిర్యాదుకు ఇదొక పెద్ద కారణం.

రెండో నష్టం కూడా ఉంది. ఒక ఏపీని వదిలి ఇంకో ఏపీకి ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే, ఏపీ కాదు. కింది అంతస్తు ఏపీ గొంతు పై అంతస్తులోనూ గట్టిగా వినిపిస్తుంటే ఫోన్ దాన్ని వదలదు. పక్కనే మంచి ఏపీ ఖాళీగా ఉన్నా సరే. 802.11కె, వి, ఆర్ అనే మూడు వెసులుబాట్లు ఫోనుకు దారి చూపిస్తాయి గానీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లవు. కొన్ని పాత పరికరాలు ఆర్ ఉంటే కలవడానికే మొరాయిస్తాయి. బలహీన సిగ్నల్ ఉన్నవాళ్లను గెంటేసే "మినిమమ్ ఆర్‌ఎస్‌ఎస్‌ఐ" సెట్టింగు కూడా ఉంది. ఏపీలు దగ్గర దగ్గరగా ఉన్న చోట తప్ప దాని జోలికి పోవద్దు. గెంటినవాడికి వెళ్లడానికి ఇంకో చోటు ఉండాలి కదా.

హాస్టల్ వంటి చోట్ల 2.4 పవర్ తక్కువలో, 5 గిగాహెర్ట్జ్ మధ్యస్థంలో పెట్టి మొదలుపెట్టండి. 2.4లో ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ మాత్రమే. "మూడో ఛానెల్ ఖాళీగా ఉంది కదా" అని అక్కడికి వెళ్తే ఒకటితోనూ ఆరుతోనూ తగవు పెట్టుకున్నట్టే. 5 గిగాహెర్ట్జ్‌లో మన దేశం 2018 అక్టోబరులో ఎక్కువ భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది, చోటు బాగా ఉంది. అయినా ఏపీలు కిక్కిరిసిన భవనంలో 80 మెగాహెర్ట్జ్ వెడల్పు వేసి స్పీడ్ టెస్ట్ ఫొటోలు తీసుకోవడం మోజు తప్ప ఇంకేమీ కాదు. 20 గానీ 40 గానీ చాలు. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లను రాడార్లతో పంచుకోవాలి. రాడార్ జాడ తగిలితే ఏపీ పది సెకన్లలో ఆ ఛానెల్ ఖాళీ చేసి, అరగంట దాకా అటు రాకూడదు. లాగ్‌లో అటువంటి మాట పదేపదే వస్తున్న ఏపీకి ఆ ఛానెళ్లు తీసేసి 36 నుంచి 48 మధ్యో, 149 పైనో ఇవ్వండి.

కంట్రోలర్‌లో దేశం అని అడిగినచోట ఇండియా అనే పెట్టండి. ఇంకో దేశం పేరు పెడితే పవర్ ఎక్కువ వస్తుందని చెప్పేవాళ్లు దొరుకుతారు. అది చట్టవిరుద్ధం, పైగా మైకు సంగతి ఇంతకుముందే చెప్పుకున్నాం.

"నెట్ రావట్లేదు" అంటే ఏది రావట్లేదు?

ఈ ఒక్క వాక్యం కింద ఐదు వేరు వేరు జబ్బులుంటాయి. వై-ఫై పేరే కనిపించకపోవడం. పేరు కనిపించినా పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోవడం. కలిసినా ఐపీ అడ్రస్ దొరకకపోవడం. అడ్రస్ దొరికినా బయటికి దారి లేకపోవడం. అన్నీ ఉండి నత్తనడక నడవడం. ఫోన్‌లో మీరు అడగవలసిన మొదటి ప్రశ్న "ఎక్కడ ఆగింది?" అని. రెండోది "ఒక్కరికా, గదికా, అంతస్తుకా?" అని. ఈ రెండింటికీ జవాబు రాకముందు మౌస్ ముట్టుకోవద్దు.

అధ్యాయం మొదట్లోని హాస్టల్‌లో జరిగి ఉండే అవకాశం ఎక్కువున్నది మూడో జబ్బు. చుక్కలు పచ్చగా ఉండి, సిగ్నల్ నిండుగా ఉండి, నెట్ రాని రాత్రుల్లో నేను ముందు ఫోన్లకు ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీనే అనుమానిస్తాను. మామూలుగా పెట్టే స్లాష్ 24 నెట్‌వర్క్‌లో 254 అడ్రస్‌లు ఉంటాయి, అందులో ఒకటి రౌటర్‌దే. హాస్టల్‌లో రెండు వందలమంది, మనిషికి ఫోనూ ల్యాప్‌టాప్, అంటే నాలుగు వందలు. ఒక్కో అడ్రస్‌ను ఇరవై నాలుగు గంటలు అంటిపెట్టుకునేలా లీజు ఉంటే, సాయంత్రం ముందుగా వచ్చినవాళ్లకు దొరుకుతుంది, మెస్‌లో తిని ఆలస్యంగా వచ్చినవాళ్లకు దొరకదు. పిల్లలు చెప్పేది కూడా అచ్చం అలాగే ఉంటుంది: "సార్, వాడికి వస్తోంది, నాకు రావట్లేదు, ఇద్దరిదీ ఒకే గది."

ఫోన్లు మారుతున్న తీరు దీన్ని ఇంకా పెంచింది. ఆండ్రాయిడ్ 10 వచ్చిన 2019 నుంచి, ఐఓఎస్ 14 వచ్చిన 2020 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ దాచి, ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కొత్త అడ్రస్ చూపిస్తున్నాయి. మూడు పేర్ల మీద కలిస్తే ఒకే ఫోన్ మూడు ఫోన్లుగా లెక్కకు వస్తుంది. మ్యాక్ అడ్రస్‌తో విద్యార్థిని బ్లాక్ చేసే పాత విద్యకు కాలం చెల్లింది. "ఇవాళ 900 పరికరాలు కలిశాయి" అని మేనేజ్‌మెంట్‌కు నివేదిక ఇచ్చేముందు కూడా ఇది గుర్తుంచుకోండి.

కంట్రోలర్‌లో క్లయింట్ల జాబితా తెరిచి ఐపీ అడ్రస్ వరసతో సర్దండి. అడ్రస్ ఖాళీగా ఉన్నవి గానీ, 169.254తో మొదలయ్యేవి (అడ్రస్ దొరక్క పరికరం తనంతట తాను పెట్టుకున్నవి) గానీ గుంపుగా కనిపిస్తే రోగం దొరికినట్టే. నెట్‌వర్క్‌ను స్లాష్ 22కి పెంచితే 1,022 అడ్రస్‌లు వస్తాయి. లీజును హాస్టల్‌లో ఎనిమిది గంటలకు, జనం వచ్చిపోయే ఆడిటోరియంలో గంటకో రెండు గంటలకో తగ్గించండి. ఆ రోజు వార్డెన్ గారికి మీరు చెప్పే మాట "పిల్లల ఫోన్లలో ఏదో ఉంది" కాదు, "అడ్రస్‌లు అయిపోయాయండీ, అరగంటలో పెంచుతున్నాను" అన్నది. ఎంత జూనియరైనా ఇలా మాట్లాడేవాణ్ణి జనం పేరుతో గుర్తుపెట్టుకుంటారు.

మార్చేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. ఛానెల్, పవర్, లీజు మూడూ ఒకే రాత్రి మార్చి తెల్లారి బాగుంటే ఏది పనిచేసిందో మీకు తెలియదు. చెడితే ఏది చెడగొట్టిందో అంతకన్నా తెలియదు. తేదీ, వేళ, ఏమి మార్చారు, ముందు అంకె ఎంత, తర్వాత ఎంత అని ఒక నోటు పుస్తకంలో రాయండి. ఎక్సెల్ షీటు పెట్టుకుంటానంటే మీ ఇష్టం. నేను మాత్రం నెట్ లేనప్పుడు కూడా తెరుచుకునే కాగితానికే ఓటు వేస్తాను.

అలారాలు, కరెంటు

కంట్రోలర్ ఏ చిన్న విషయానికైనా కబురు పంపగలదు. అన్నీ ఆన్ చేసి వాట్సాప్ గ్రూపులోకి వదిలితే రెండో రోజుకే అందరూ ఆ గ్రూపును మ్యూట్ చేస్తారు. ఏపీ పది నిమిషాలకు మించి కనిపించకపోవడం, స్విచ్ పడిపోవడం, కంట్రోలర్ డిస్కు నిండటం లేదా బ్యాకప్ తప్పిపోవడం, ఈ మూడు చాలు. మిగతావి వారానికోసారి కూర్చుని చదువుకునేవి.

మన ఊళ్లలో ఎర్రచుక్కకు తరచూ కారణం రేడియో కాదు, కరెంటు. ఏపీలకు నెట్‌వర్క్ కేబుల్‌లోనే విద్యుత్తు ఇచ్చే పీఓఈ స్విచ్చిలో ప్రతి పోర్టుకూ ఒక హద్దు, మొత్తానికి ఇంకో హద్దు ఉంటాయి. మొదటి ప్రమాణంలో పోర్టుకు 15.4 వాట్లు, తర్వాతిదాంట్లో 30. మొత్తం హద్దును ఎవరూ చదవరు. 250 వాట్ల స్విచ్చికి పన్నెండేసి వాట్లు తాగే ఏపీలు ఇరవై నాలుగు తగిలిస్తే 288 అవుతుంది. పగలు జనం లేనప్పుడు నడుస్తాయి, రాత్రి అందరూ వాడేసరికి చివరి పోర్టుల్లోవి రాలిపోతాయి. ఏపీ చెడిందని మార్చేస్తారు, కొత్తదీ రాలిపోతుంది. కంట్రోలర్‌లో ఆ ఏపీ "అప్‌టైమ్" చూడండి. నెలలుగా నడవాల్సింది రోజూ గంటల్లోనే కనిపిస్తుంటే స్విచ్చి దగ్గరికి నడవండి. స్విచ్చికీ కంట్రోలర్‌కీ యూపీఎస్ లేకపోతే అదే ముందు కొనిపించండి, ఇంకో నాలుగు ఏపీల కంటే అది మేలు.

అప్‌డేట్లు

2021 డిసెంబరులో లాగ్‌ఫర్‌జే అనే జావా లైబ్రరీలో పెద్ద లోపం బయటపడి ప్రపంచమంతా పరుగులు పెట్టింది. యూనిఫై కంట్రోలర్ కూడా ఆ లైబ్రరీనే వాడేది. ఉబిక్విటీ వెంటనే సరిచేసిన వెర్షన్ విడుదల చేసింది. ఎక్కువ ముప్పు ఎవరికంటే, "ఇంటి నుంచి చూసుకోవచ్చు కదా" అని కంట్రోలర్ లాగిన్ పేజీని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టినవాళ్లకు. ఇంటి నుంచి చూడాలంటే వీపీఎన్ పెట్టుకోండి. అడ్మిన్ లాగిన్ అందరికీ ఒకటే కాకుండా మనిషికొకటి ఇవ్వండి, ఉద్యోగం మానేసినవాళ్లది ఆ రోజే తీసేయండి.

ఏపీల ఫర్మ్‌వేర్ మాత్రం వచ్చిన రోజే ఎక్కించనక్కర్లేదు. భద్రతా లోపం సరిచేసినదైతే తప్ప ఒకటి రెండు వారాలు ఆగండి. ముందు మీరు కూర్చునే భవనంలోని ఏపీకి ఎక్కించి, తర్వాత ఒక భవనానికి, ఆపైన మిగతావాటికి. పరీక్షల వారంలో ఏదీ ముట్టుకోవద్దు. శుక్రవారం సాయంత్రం అసలే వద్దు.

అడగకూడనివి అడిగినప్పుడు

ఒక రోజు ఎవరో ఒకరు మీ కుర్చీ పక్కన నిలబడి నెమ్మదిగా అడుగుతారు: "ఫలానా అబ్బాయి రాత్రి పదకొండుకు ఎక్కడున్నాడో ఇందులో కనిపిస్తుందా?" కనిపిస్తుంది. ఏ ఫోన్ ఏ ఏపీ దగ్గర ఎన్ని గంటలకు కలిసిందో, ఎప్పుడు ఏ ఏపీకి మారిందో కంట్రోలర్‌లో ఉంటుంది. రేడియస్ లాగిన్ ఉంటే పేరుతో సహా. అమ్మాయిల హాస్టల్ విషయంలో ఈ ప్రశ్న ఎక్కువ వస్తుందని కూడా చెప్పాలి.

లాగ్‌లు దాచడం మన బాధ్యతే. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి, గడియారాలను ఎన్‌టీపీతో సరిచేసి ఉంచాలి, భద్రతా సంఘటనలను ఆరు గంటల్లో తెలపాలి. వేళ తప్పుగా ఉన్న లాగ్ విచారణలో ఎందుకూ పనికిరాదు. అయితే దాచమన్నారంటే అడిగినవారికల్లా చూపించమని కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వ్యక్తుల సమాచారాన్ని ఎందుకు తీసుకున్నామో దానికే వాడాలంటుంది. నెట్‌వర్క్ నడపడానికి తీసుకున్న సమాచారంతో పిల్లల వెంట తిరగడం మీ ఉద్యోగంలో భాగం కాదు. "రాతపూర్వకంగా ఇవ్వండి సార్, ప్రిన్సిపల్ గారి సంతకంతో" అనండి. నిజంగా అవసరమైనవారు రాసిస్తారు. ఊరికే అడిగినవారు మళ్లీ అడగరు.

చివరగా ఒక పని చెబుతాను, ఇవాళే చేయండి. కంట్రోలర్ బ్యాకప్ ఫైలును దింపి, కంట్రోలర్ ఉన్న మిషన్‌లో కాకుండా ఇంకోచోట పెట్టండి. తర్వాత పాత కంప్యూటర్ ఒకటి నెట్‌వర్క్ నుంచి విడిగా ఉంచి, దానిలో అదే వెర్షన్ కంట్రోలర్ వేసి ఆ ఫైలు తెరుచుకుంటుందో లేదో చూడండి. బ్యాకప్ లేకుండా డిస్కు పోయిన రోజున, ఏపీల పాస్‌వర్డ్ కూడా ఎక్కడా రాసి లేకపోతే, ప్రతి ఏపీ దగ్గరికీ నిచ్చెన మోసుకెళ్లి రీసెట్ గుంట నొక్కాలి. యాభై ఏపీలంటే యాభై సార్లు నిచ్చెన ఎక్కాలి.